ధ్రువాల దగ్గర కాపురం పెట్టొచ్చా? ఒక చోటును బేరీజు వేసే పద్ధతి

ప్రతి మే నెలలో రామగుండంలోనో రెంటచింతలలోనో ఎండ 46 దగ్గరికి రాగానే ఎవరో ఒకరు ఈ మాట అననే అంటారు. భూమి ఇలాగే వేడెక్కితే ఇక్కడ బతకలేం గానీ పైన ఆర్కిటిక్ ఉంది కదా, మంచు కరిగితే అదంతా పచ్చబడుతుంది, మన మనవళ్ళు అక్కడ ఇళ్ళు కట్టుకుంటారు అని. మ్యాపు చూస్తే నిజమే అనిపిస్తుంది కూడా, సైబీరియా, ఉత్తర కెనడా, గ్రీన్‌లాండ్ కలిపి బోలెడంత ఖాళీ. (గోడ మ్యాపులు ధ్రువాల వైపు నేలను సాగదీసి చూపిస్తాయని గుర్తుంచుకోండి. మ్యాపులో ఆఫ్రికా అంత కనపడే గ్రీన్‌లాండ్ కంటే నిజానికి భారతదేశమే ఒకటిన్నర రెట్లు పెద్దది.)

దీని మీద గాల్లో వాదించుకుంటే తెగదు. ఒక ఊరి పేరు పట్టుకుని చూడాలి. సిటీ శివార్లలో ప్లాటు చూడ్డానికి వెళ్ళినప్పుడు బ్రోచర్లో వేసిన చెట్ల బొమ్మలు వదిలేసి నేల, నీళ్ళు, రోడ్డు, కాగితాలు అడుగుతాం కదా, ఇక్కడా అదే వరస. నేను ఎక్కువగా నార్వే ఏలుబడిలో ఉన్న స్వాల్‌బార్డ్ దీవుల్లోని లాంగియర్‌బీన్‌ను ఉదాహరణగా తీసుకుంటాను. 78 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర, దాదాపు 2,500 మంది స్కూలు, ఆసుపత్రి, సూపర్‌మార్కెట్‌తో సహా నిజంగా కాపురాలు చేస్తున్న ఊరది. పైగా మన పాస్‌పోర్టుతో వెళ్ళి ఉద్యోగం చేసుకుంటూ ఉండగల చోటు, ఆ సంగతి తర్వాత చెప్తాను. భారత్‌కు హిమాద్రి అనే పరిశోధన కేంద్రం కూడా ఆ దీవుల్లోనే, నీ-ఓలెసుండ్ అనే చిన్న స్థావరంలో 2008 నుంచి ఉంది.

ముందు థర్మామీటర్ పక్కన పెట్టండి

అందరూ మొదట చూసేది ఉష్ణోగ్రత, అందరూ పొరబడేదీ అక్కడే. ఆర్కిటిక్ వేడెక్కుతోందన్న మాట నిజం, అదీ మామూలుగా కాదు: 1979 నుంచి లెక్క చూస్తే భూమి మొత్తం సగటు కంటే దాదాపు 4 రెట్ల వేగంతో. మంచు ఉన్నంతకాలం ఎండను వెనక్కి కొట్టేది, అది పోయి నల్లటి సముద్రం బయటపడగానే ఎండనంతా పీల్చుకుంటుంది, దాంతో ఇంకా మంచు పోతుంది. లాంగియర్‌బీన్ ఏడాది సగటు 1961-90 మధ్య మైనస్ 6.7 డిగ్రీల దగ్గర ఉండేది, 1991-2020కి వచ్చేసరికి మైనస్ 4 చుట్టుపక్కలకు వచ్చింది. 2020 జూలైలో ఒకరోజు 21.7 తగిలింది. ఈ అంకెలు చూసి ఇంకో యాభై ఏళ్ళకు ఊటీ అయిపోతుందనుకుంటారు జనం.

కానీ సగటు మనిషిని బతికించదు. రష్యాలోని వెర్ఖొయాన్‌స్క్‌లో 2020 జూన్ 20న 38 డిగ్రీలు నమోదైంది, ఆర్కిటిక్ వలయంలో అదే రికార్డని ప్రపంచ వాతావరణ సంస్థ ధ్రువీకరించింది. అదే ఊళ్ళో చలికాలంలో మైనస్ 67.8 దాకా పడిపోయిన రికార్డూ ఉంది. వంద డిగ్రీలకు పైగా తేడా! మీ ఇల్లు, పైపులు, బండి ఇంజను, ఒంట్లో రక్తం అన్నీ ఈ రెండు కొసలకూ తట్టుకోవాలి. కాబట్టి ఏ చోటు గురించి విన్నా జూలై ఫొటోలు చూడకుండా జనవరి సగటు వెతకండి.

అక్షాంశం చూసి కూడా నిర్ణయానికి రాకండి. నార్వేలోని ట్రోమ్సో దాదాపు 70 డిగ్రీల ఉత్తరాన ఉన్నా, అట్లాంటిక్ నుంచి వచ్చే వెచ్చటి ప్రవాహం పుణ్యమా అని జనవరి సగటు మైనస్ 3, 4 దగ్గరే ఉంటుంది, రేవు గడ్డకట్టదు. దానికంటే బాగా దక్షిణాన, 62 డిగ్రీల దగ్గరున్న సైబీరియా నగరం యాకుత్‌స్క్‌లో జనవరి సగటు మైనస్ 38. సముద్రం ఎంత దూరంలో ఉంది, ఏ ప్రవాహం తగులుతోంది అన్నది మ్యాపు మీద అడ్డగీతల కంటే ఎక్కువ చెప్తుంది.

వెలుతురు లెక్క: ఇది ఎప్పటికీ మారదు

భూమి ఎంత వేడెక్కినా దాని వంపు 23.4 డిగ్రీలే. లాంగియర్‌బీన్‌లో అక్టోబర్ చివరి వారంలో సూర్యుడు కనుమరుగైతే ఫిబ్రవరి మధ్య దాకా పొడవడు. చుట్టూ కొండలు కాబట్టి ఊళ్ళోకి మొదటి ఎండ మార్చి 8 ప్రాంతంలో పడుతుంది, ఆ రోజు పిల్లాపెద్దా అందరూ ఓ పాత మెట్ల దగ్గర గుమిగూడి పండగ చేసుకుంటారు. మళ్ళీ ఏప్రిల్ 20 ప్రాంతం నుంచి ఆగస్టు 23 దాకా అసలు పొద్దుగుంకదు. మైనస్ 20 చలి ఉన్నా, రేపొద్దున ప్లస్ 10 అయినా ఈ తేదీలు మారవు.

ఈ లెక్క మీరే వేసుకోవచ్చు, కష్టం కాదు. 90లోంచి ఆ ఊరి అక్షాంశం తీసేసి 23.4 కలిపితే నడివేసవి మధ్యాహ్నం సూర్యుడు ఎంత ఎత్తుకు వస్తాడో తెలుస్తుంది, కలపకుండా తీసేస్తే నడి చలికాలపు ఎత్తు. లాంగియర్‌బీన్‌కు వేసవి ఎత్తు 35 డిగ్రీలు వస్తుంది. హైదరాబాద్‌కు డిసెంబర్‌లో వచ్చే ఎత్తే 49. అంటే అక్కడి నడివేసవి ఎండ మన నడి చలికాలపు ఎండ కంటే ఏటవాలుగా పడుతుందన్నమాట. చలికాలపు లెక్క సున్నా కంటే కిందికి పోతే అక్కడ సూర్యుడు అసలు పొడవని ధ్రువ రాత్రి ఉంటుందని అర్థం. ఎంత దిగువకు పోతే అంత పొడుగు రాత్రి.

నెలల తరబడి చీకట్లో నిద్ర పాడవడం, దిగులు పట్టడం మామూలు. కొందరికి అస్సలు పడదు, కొందరు హాయిగా ఉంటారు, ముందే చెప్పడం కుదరదు. పోయి చూడాల్సిందే.

కాళ్ళ కింద ఏముందో అడగండి

ఇక్కడ కాస్త ఆగాలి, ఎందుకంటే వేడెక్కితే బాగుపడుతుందనే మాట ముక్కలయ్యేది ఈ దగ్గరే.

ఉత్తరార్ధగోళంలో నేల మీద దాదాపు 15 శాతం మేర కింద శాశ్వతంగా గడ్డకట్టిన నేల ఉంది, పర్మాఫ్రాస్ట్ అంటారు, మనం మంచునేల అనుకుందాం. పైన అడుగు నుంచి కొన్ని అడుగుల దాకా వేసవిలో కరుగుతుంది, చలికాలంలో మళ్ళీ గడ్డకడుతుంది, దాని కింద మాత్రం వేల ఏళ్ళుగా రాయిలా ఉంటుంది. ఉత్తరాన ఊళ్ళు, ఎయిర్‌పోర్టులు, ఆయిల్ ట్యాంకులు, శ్మశానాలు అన్నీ ఆ గట్టితనాన్ని నమ్ముకుని కట్టినవి. అది కరిగిందంటే మిగిలేది బురద. చలి పోవడం వల్ల అక్కడ ముందు పోయేది పునాది.

నోరిల్స్క్ సంగతి చూడండి. సైబీరియాలో నికెల్ గనుల నగరం, లక్షన్నరకు పైగా జనం. 2020 మే 29న అక్కడి విద్యుత్ కేంద్రం దగ్గర డీజిల్ ట్యాంకు కుంగి పగిలిపోయి దాదాపు 21 వేల టన్నుల డీజిల్ నేల మీదికి, నదుల్లోకి పోయింది. మంచునేల కరిగి ట్యాంకు కింద ఆధారాలు కుంగడమే కారణమని కంపెనీ అంది, నిర్వహణ లోపమని మిగతావాళ్ళన్నారు. ఏది ఎంత అన్నది పక్కన పెట్టినా, మెత్తబడుతున్న నేల మీద పాత కట్టడం ఉంటే ఏమవుతుందో అర్థమైంది. యాకుత్‌స్క్‌లో మూడు లక్షల మందికి పైగా ఉంటారు, అపార్ట్‌మెంట్లు కాంక్రీటు పైల్స్ (నేలలోకి లోతుగా దింపిన స్తంభాలు) మీద నేలకు పైన నిలబడి ఉంటాయి, కింద గాలి ఆడేలా. ఎందుకంటే ఇంటి వెచ్చదనం నేలకు తగిలితే ఇల్లే తన కింద నేలను కరిగించుకుని తనే కుంగుతుంది. చలికాలపు గాలి కింద నుంచి పోతూ నేలను మళ్ళీ గడ్డకట్టించాలి. ఇప్పుడు ఆ చలికాలమే మెత్తబడుతోంది.

దీనికి ఇంజనీర్ల దగ్గర ఉపాయాలు లేవని కాదు. అలాస్కా చమురు పైపులైను 1,300 కిలోమీటర్లలో సగానికి పైగా స్తంభాల మీద నేలకు పైనే పోతుంది, చాలా స్తంభాల్లో అమ్మోనియా నింపిన గొట్టాలు పెట్టారు, అవి చలికాలంలో నేలలోని వేడిని లాగి గాల్లోకి వదులుతాయి. లాంగియర్‌బీన్‌లో కొత్త ఇళ్ళకు పైల్స్ ఇంకా లోతుకు దింపుతున్నారు. అన్నీ చేయొచ్చు, డబ్బుంటే. పైపులైనుకు డబ్బుంటుంది, రెండు వేల మంది ఊరికి ఎవరిస్తారు?

కాబట్టి ఏ చోటు గురించి విన్నా ఇవి అడగండి: కింద బండరాయి ఉందా, మంచునేలా? మంచునేల అయితే దాంట్లో ఐస్ పాలెంత? ఐస్ తక్కువగా ఉన్న కంకర నేల కరిగినా పెద్దగా కుంగదు, ఐస్ నిండిన ఒండ్రు కరిగితే గుంతలు పడి చెరువులవుతాయి. వేసవిలో పై పొర ఎంత లోతు కరుగుతోంది, గత ఇరవై ముప్ఫై ఏళ్ళలో ఆ లోతు పెరిగిందా? స్వాల్‌బార్డ్, అలాస్కా, కెనడాల్లో బోరు గుంతల్లో ఉష్ణోగ్రత కొలిచిన రికార్డులు ఉంటాయి, అవి అందరికీ అందుబాటులో ఉండేవే. ఇవేవీ దొరక్కపోతే ఊరి ఫొటోలు చూడండి. అడవిలో చెట్లు తాగినవాళ్ళలా తలో దిక్కుకు ఒరిగి ఉంటే, రోడ్డు అలలు అలలుగా ఉంటే, ఇంటి గోడకు మూల నుంచి పగులు పోతుంటే ఇక రికార్డులతో పని లేదు.

కొండ పక్కనైతే ఇంకోటి చూడాలి. లాంగియర్‌బీన్‌లో 2015 డిసెంబర్ 19న ఊరి పక్క కొండ మీద నుంచి మంచు చరియలు విరిగిపడి 11 ఇళ్ళను తోసేశాయి, ఇద్దరు చనిపోయారు. ఆ తర్వాత వందకు పైగా ఇళ్ళను ప్రమాదకరమని ఖాళీ చేయించారు. వేడెక్కితే మంచు తగ్గాలి కదా అనుకుంటాం. కానీ చలికాలం మధ్యలో వానలు పడటం, ఒక్కసారిగా కురవడం, వాలులు మెత్తబడటం, వీటివల్ల అపాయం పెరుగుతోంది.

సముద్రం పక్కనైతే తీరం కోత. ఇదివరకు ఒడ్డుకు అంటుకుని గడ్డకట్టే సముద్రపు మంచు శరత్కాలపు తుఫానుల నుంచి ఒడ్డును కాపాడేది. ఇప్పుడది ఆలస్యంగా వస్తోంది, ఆలోపు అలలు కరిగిన మట్టిని కొరుక్కుతింటున్నాయి. అలాస్కాలో న్యూటాక్ అనే ఊరు, యుపిక్ అనే మూలవాసులది, నది ఒడ్డు కోతకూ కరుగుతున్న నేలకూ పోయింది, 2019 నుంచి జనాన్ని 15 కిలోమీటర్ల దూరంలోని మెర్టార్విక్‌కు తరలించడం మొదలుపెట్టారు. షిష్మరెఫ్ అనే ఇంకో ఊరు 2002లోనూ 2016లోనూ వేరే చోటికి పోదామని ఓట్లేసుకుంది, ఖర్చు భరించేవాళ్ళు లేక ఇంకా అక్కడే ఉంది. వేడికి కొత్తగా ఊళ్ళు పుడతాయని మనం ఇక్కడ లెక్కలేసుకుంటుంటే ఉన్న ఊళ్ళే లేచిపోతున్నాయి.

పంట పండుతుందా?

పండుతుంది, కొన్నిచోట్ల. దక్షిణ గ్రీన్‌లాండ్‌లో నర్సాక్, కకొర్తోక్ చుట్టుపక్కల గొర్రెల పెంపకం వందేళ్ళుగా ఉంది, బంగాళాదుంపలు కూడా వేస్తారు. వెయ్యేళ్ళ కిందట నార్స్ జనం (స్కాండినేవియా మూలాలున్నవాళ్ళు) వచ్చి పశువులతో స్థిరపడిందీ ఆ ప్రాంతంలోనే, నాలుగైదు వందల ఏళ్ళు ఉండి పోయారు. అలాస్కాలో ఆంకరేజ్ పక్కన లోయలో వేసవి పొడుగు పగళ్ళకు క్యాబేజీలు రాక్షసుల్లా పెరుగుతాయి, 2012లో అక్కడి సంతలో ఒక క్యాబేజీ 62 కిలోలు తూగింది. కాకపోతే అది 61 డిగ్రీల దగ్గర, ఆర్కిటిక్ వలయానికి బాగా కింద.

మిగతా చోట్ల అడ్డం వచ్చేది మట్టి. హిమానీనదాలు వేల ఏళ్ళు దొర్లి కెనడా ఉత్తర భాగంలో చాలా మేర పైమట్టిని గీకేశాయి, మిగిలింది బండ, దాని మీద పలచటి పొర, లేదంటే పీట్ (సగం కుళ్ళిన మొక్కల) బురద. మన కృష్ణా డెల్టా మట్టి లాంటిది తయారవడానికి వేల ఏళ్ళు నది ఒండ్రు పోయాలి. ఉష్ణోగ్రత యాభై ఏళ్ళలో మారొచ్చు, మట్టి మారదు. గ్రీన్‌హౌస్ కట్టుకుని ఆకుకూరలు పండించొచ్చు, ఎల్‌ఈడీ లైట్లు పెట్టుకుని టమాటాలూ పండించొచ్చు, కానీ ఆ కరెంటు ఎక్కడిది? లాంగియర్‌బీన్ దశాబ్దాల పాటు సొంత బొగ్గుతో వెలిగింది, 2023 అక్టోబర్‌లో బొగ్గు ప్లాంటు మూసి ఓడల్లో తెచ్చుకునే డీజిల్‌కు మారింది.

అడవి తగలబడటం కూడా లెక్కలోకి తీసుకోవాలి. 2023 ఆగస్టులో కెనడాలోని యెల్లోనైఫ్ నగరాన్ని కార్చిచ్చు భయంతో మొత్తం ఖాళీ చేయించారు, దాదాపు 20 వేల మందిని, బయటికి పోవడానికి ఉన్నది ఒకే ఒక్క హైవే. వేసవిలో దోమల సంగతి సరేసరి, గోదావరి జిల్లాల వాళ్ళు కూడా దండం పెట్టేస్తారు.

ఇక్కడ తెలివైనవాళ్ళు ఒక ప్రశ్న వేస్తారు: ఐదు కోట్ల ఏళ్ళ కిందట ఉత్తర కెనడాలోని ఎల్స్‌మియర్ దీవిలో మొసళ్ళ జాతివి తిరిగాయి, అడవులుండేవి, అంటార్కిటికాలో కూడా 9 కోట్ల ఏళ్ళ కిందట చెట్లుండేవి, మళ్ళీ ఎందుకు కాకూడదు? కావచ్చు. ఆ అడవులు లక్షల ఏళ్ళు తీసుకుని తయారయ్యాయి. మనం లెక్క వేస్తున్నది మనవళ్ళ కాలానికి.

దారి, సరుకులు, డాక్టరు

ఉత్తర కెనడాలో చాలా ఊళ్ళకు వేసవిలో రోడ్డే ఉండదు. చలికాలంలో గడ్డకట్టిన నదుల మీద, సరస్సుల మీద లారీలు నడుస్తాయి, ఏడాదికి సరిపడా డీజిల్, సిమెంటు, బియ్యం అప్పుడే తెచ్చుకోవాలి. వేడెక్కితే ఆ దారి ఆలస్యంగా తెరుచుకుని తొందరగా మూసుకుంటుంది. అంటే చలి తగ్గినకొద్దీ ఊరు ఇంకా దూరమవుతోంది. దీనికి విరుగుడుగా ఇనువిక్ నుంచి టుక్టొయాక్టుక్ దాకా ఏడాది పొడుగునా నడిచే రోడ్డు 2017 నవంబర్‌లో తెరిచారు, ఆర్కిటిక్ సముద్రం దాకా పోయే కెనడా మొదటి పబ్లిక్ హైవే అది. 138 కిలోమీటర్లు. మంచునేల కరగకుండా తవ్వడం మానేసి పైనే మట్టి, కంకర పోసుకుంటూ వేశారు. అయినా మరమ్మతులు తప్పడం లేదు. గ్రీన్‌లాండ్‌లో ఊరికీ ఊరికీ మధ్య రోడ్లు లేవు, పడవో విమానమో హెలికాప్టరో.

డాక్టర్ల విషయంలో ఒక్క ప్రశ్న చాలు: ఇక్కడ కాన్పు చేస్తారా? లాంగియర్‌బీన్‌లో ఆసుపత్రి ఉంది గానీ చేయరు. కాన్పు తేదీకి మూడు వారాల ముందే నార్వే ప్రధాన భూభాగానికి పంపిస్తారు. పెద్ద జబ్బు చేస్తే ట్రోమ్సోకు విమానంలో. ముసలివాళ్ళను చూసుకునే ఏర్పాటూ లేదు. పుట్టడానికీ ముసలితనానికీ వీలు లేని ఊరంటే అది ఉద్యోగం చేసుకునే వయసులో ఉండిపోయే క్యాంపు లాంటిదే. అక్కడ చాలామంది కొన్నేళ్ళుండి వెళ్ళిపోతారు కూడా.

కాగితాలు: ఎవరి నేల, మిమ్మల్ని ఎవరు రానిస్తారు

స్వాల్‌బార్డ్ సంగతి చెప్తానన్నాను కదా. 1920లో పారిస్‌లో కుదిరిన ఒప్పందం ప్రకారం ఆ దీవులు నార్వేవే, కానీ సంతకం చేసిన దేశాల పౌరులందరికీ అక్కడ సమాన హక్కులు. అప్పటి బ్రిటిష్ ఇండియా పేరు ఆ ఒప్పందంలో ఉంది. అక్కడ ఉండటానికి వీసా, వర్క్ పర్మిట్ అక్కర్లేదు, ఏ దేశం వాళ్ళకైనా సరే. అందుకే ఆ చిన్న ఊళ్ళో యాభైకి పైగా దేశాల వాళ్ళుంటారు, థాయ్‌లాండ్, ఫిలిప్పీన్స్ వాళ్ళు బాగానే కనిపిస్తారు.

ఇది విని టికెట్ బుక్ చేసేయకండి. మొదటిది, విమానాలు ఓస్లో, ట్రోమ్సోల మీదుగా పోతాయి, స్వాల్‌బార్డ్ షెంజెన్‌లో (ఒకే వీసాతో తిరగగల యూరప్ దేశాల కూటమి) లేదు, ఆ రెండూ షెంజెన్‌లో ఉన్నాయి. కాబట్టి పోయేటప్పుడు ఒకసారి, వచ్చేటప్పుడు ఒకసారి షెంజెన్‌లోకి దిగాలి, రెండు ఎంట్రీలున్న షెంజెన్ వీసా తప్పనిసరి. సింగిల్ ఎంట్రీతో పోతే వెనక్కి రావడానికి ఇబ్బంది. రెండోది, మీ ఖర్చులు మీరే భరించుకోవాలి, భరించలేకపోతే అక్కడి గవర్నర్ మిమ్మల్ని పంపించేయొచ్చు, సంక్షేమ పథకాలేవీ వర్తించవు. మూడోది ఇల్లు. ఎక్కువ ఇళ్ళు కంపెనీలవో ప్రభుత్వానివో, ఉద్యోగంతో పాటే వస్తాయి, ఉద్యోగంతో పాటే పోతాయి. అందుకని ఉద్యోగం, ఇల్లు రెండూ కాగితం మీద ఖాయమయ్యాకే బయల్దేరాలి. నాలుగోది, అక్కడ ఎన్నేళ్ళున్నా నార్వే శాశ్వత నివాసానికి ఆ ఏళ్ళు లెక్కలోకి రావు. 2022 నుంచి విదేశీయులకు స్థానిక ఎన్నికల్లో ఓటు కావాలంటే అంతకుముందు ప్రధాన భూభాగంలో మూడేళ్ళు ఉండి ఉండాలి. తలుపు తీసే ఉంది, కుర్చీ మాత్రం వేయరు. ఊరు దాటి బయటికి పోతే ధ్రువపు ఎలుగుల నుంచి కాపాడుకునే సాధనం దగ్గరుండాలి. తుపాకీకి గవర్నర్ అనుమతి వేరే.

మిగతా చోట్ల ఇంత కూడా లేదు. గ్రీన్‌లాండ్‌లో నేల ప్రైవేటు సొంతం కాదు, ఇల్లు కట్టుకుంటే ఆ జాగా వాడుకునే హక్కే ఇస్తారు. డెన్మార్క్ ఇచ్చిన షెంజెన్ వీసా ఉన్నా గ్రీన్‌లాండ్‌కు చెల్లుతుందని దాని మీద విడిగా రాసి ఉండాలి. రష్యా ఆర్కిటిక్ ప్రాంతంలో ఉచితంగా హెక్టారు, అంటే రెండున్నర ఎకరాల చొప్పున ఇచ్చే పథకం 2021 నుంచి నడుపుతోంది, అది వాళ్ళ పౌరులకు. నేల ఉచితమైనా మిగతా కష్టాలేంటో పై పేరాల్లోనే ఉంది. ఆర్కిటిక్ ప్లాట్లు అంటూ ఎవరైనా మీకు అమ్మజూపితే మాత్రం ఫోన్ పెట్టేయండి.

ఇంకోటి, ఇదంతా ఖాళీ నేల కాదు. ఆర్కిటిక్‌లో దాదాపు 40 లక్షల మంది ఉంటారు, వాళ్ళలో పదోవంతు దాకా ఇన్యూట్, సామి, నేనెట్స్ లాంటి మూలవాసులు. సముద్రపు మంచు వాళ్ళకు రోడ్డు, వేటస్థలం. చలికాలంలో వాన పడి మంచు మీద గాజుపొర కడితే రెయిన్‌డీర్లు కింద నాచు తినలేక ఆకలితో చస్తాయి, రష్యాలోని యమల్‌లో 2013-14 చలికాలంలో అలా పదుల వేలల్లో పోయాయి. మనకు వెచ్చదనంగా కనిపించేది వాళ్ళకు బతుకుతెరువు పోవడం.

అంటార్కిటికాను ఎందుకు లిస్టులోంచి కొట్టేయొచ్చు

త్వరగా ముగించొచ్చు. అంటార్కిటికాలో 98 శాతం మంచు కింద ఉంది, సగటు మందం దాదాపు రెండు కిలోమీటర్లు. అక్కడి వోస్తోక్ పరిశోధన కేంద్రంలో 1983 జూలై 21న మైనస్ 89.2 నమోదైంది. దక్షిణ ధ్రువం దగ్గర ఏడాది సగటే మైనస్ 49, అంటే 10 డిగ్రీలు వేడెక్కినా మైనస్ 39. కొసన ఉన్న ద్వీపకల్పంలో మాత్రం 2020 ఫిబ్రవరి 6న ఎస్పెరాంజా కేంద్రం దగ్గర 18.3 నమోదైంది, వార్తల్లో వచ్చేది ఆ కొస గురించే. మొత్తం మంచు పోవాలంటే వేల ఏళ్ళు పడుతుంది, పోతే పశ్చిమ భాగం చాలావరకు సముద్రమట్టానికి కింద ఉంటుంది, అంటే ఆ వైపు దీవుల గుంపు తేలుతుంది గానీ ఒకే నేల కాదు.

చట్టం కూడా ఒప్పుకోదు. 1959 ఒప్పందం ప్రకారం అక్కడ సైనిక స్థావరాలు ఉండకూడదు, కొత్తగా ఎవరూ నేల తమదనకూడదు, 1991 మాడ్రిడ్ ఒప్పందంతో గనుల తవ్వకమూ నిషేధం. భారత్ 1983లో చేరింది, 2022లో మన పార్లమెంటు అంటార్కిటిక్ చట్టం కూడా చేసింది. మన మొదటి కేంద్రం దక్షిణ గంగోత్రిని మంచు పలక మీద కట్టారు, కొన్నేళ్ళకే మంచులో కూరుకుపోయింది. ఆ పాఠంతోనే 1989లో మైత్రిని, 2012లో భారతిని రాతినేల మీద కట్టారు. మీకు నిజంగా అక్కడ ఒక చలికాలం గడపాలనుంటే దారి ఉంది: గోవాలోని జాతీయ ధ్రువ, సముద్ర పరిశోధన కేంద్రం శాస్త్రవేత్తలతో పాటు డాక్టర్లు, మెకానిక్కులు, వంటవాళ్ళ కోసం కూడా ప్రకటనలు ఇస్తుంటుంది, వైద్య పరీక్షలు, ఉత్తరాఖండ్‌లోని ఔలీలో మంచు మీద శిక్షణ ఉంటాయి. అది ఉద్యోగం. కాపురం కాదు.

ఇటువైపు పద్దు కూడా రాసుకోండి

ధ్రువాలు కాస్త వెచ్చబడితే వచ్చే లాభాన్ని లెక్కేసేవాళ్ళు ఇటు పోయేదాన్ని రాయరు. గ్రీన్‌లాండ్ మంచు మొత్తం కరిగితే ప్రపంచ సముద్రమట్టం 7 మీటర్లకు పైగా, అంటార్కిటికాది కరిగితే 58 మీటర్ల దాకా పెరుగుతుంది. అంతా పోవడానికి వేల ఏళ్ళు పట్టినా, ఒక్క మీటరుకే కోనసీమ, మచిలీపట్నం లాంటి లోతట్టు తీరాలు ఉప్పునీటి పాలవుతాయి. ఉప్పాడ దగ్గర సముద్రం ఇళ్ళనూ రోడ్డునూ ఎలా తింటోందో చూస్తూనే ఉన్నాం, అక్కడ వేరే కారణాలు కూడా కలిశాయనుకోండి. విచిత్రం ఏంటంటే గ్రీన్‌లాండ్ మంచు కరిగితే గ్రీన్‌లాండ్ పక్కన నీటిమట్టం తగ్గుతుంది. అంత బరువైన మంచు తన ఆకర్షణతో సముద్రాన్ని తనవైపు లాక్కుని ఉంచుతుంది, అది తగ్గితే నీళ్ళు వదిలేస్తుంది, పైగా బరువు దిగి నేల పైకి లేస్తుంది. ఆ నీళ్ళు దూరంగా, మనలాంటి ఉష్ణమండల తీరాల వైపు సగటు కంటే కాస్త ఎక్కువగా చేరతాయి.

పై లెక్కలన్నీ వేశాక నా జాబితాలో మిగిలేవి ట్రోమ్సో, ఐస్‌లాండ్, అలాస్కా దక్షిణ తీరం, దక్షిణ గ్రీన్‌లాండ్‌లో కొన్ని ఫ్యోర్డులు (కొండల మధ్యకు చొచ్చుకొచ్చిన సముద్రపు పాయలు). అన్నీ సముద్రం పక్కనే, చాలావరకు రాతి మీదే, ఇప్పటికే జనం ఉన్నవే. వేడెక్కితే వీటిలో కొన్ని ఇంకాస్త సుఖంగా ఉండొచ్చు, కొన్ని లక్షల మందిని అదనంగా ఇముడ్చుకోవచ్చు. గంగా మైదానం నుంచో, మన తీరం నుంచో కోట్ల మంది లేచిపోవాల్సి వస్తే వీటివల్ల అయ్యేది కాదు.

అయినా పోయి చూస్తానంటే జూన్‌లో పోకండి, జూన్‌లో ఏ ఊరైనా బాగానే ఉంటుంది. నవంబర్ చివర్లో పోయి, హోటల్ కాకుండా వంటగది ఉన్న గది అద్దెకు తీసుకుని, సొంతంగా సరుకులు కొనుక్కుని, కనీసం మూడు వారాలు ఉండండి. విమానం తుఫానుకు రద్దయితే మిగతావాళ్ళు ఏం చేస్తున్నారో చూడండి, డబ్బాల్లో తప్ప కూరగాయలు లేని వారం ఎలా గడిచిందో రాసుకోండి, అక్కడ పదేళ్ళ నుంచి ఉన్నవాళ్ళెవరైనా దొరికితే ఎప్పుడు వెళ్ళిపోదామనుకుంటున్నారని అడగండి. వీసా మీద రెండు ఎంట్రీలు ఉన్నాయో లేదో బయల్దేరే ముందే ఇంకోసారి చూసుకోండి.